మా ఆడబిడ్డ అడిగిన ముద్ర

మా ఆడబిడ్డ పోయింది. వానలు అప్పుడే పట్టాయి. తెల్లవారి స్టవ్ మీద పాలు ఇంకా పొంగలేదు, ఆమె కొడుకు ఫోన్ చేసి, "అత్తమ్మా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. నేను గొడుగు వెతుక్కుని రెండు వీధులు దాటి వెళ్లేసరికి, ఆమె ఇక లేవదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. మంచం పక్కన నిలబడి "వదినె" అని పిలిచాను. నేను ఆమె పుట్టింటి కోడలినైనప్పటి నుంచి, నా పిలుపుకు ఎదురుమాట రాకపోవడం అదే మొదటిసారి.

ఏడవడానికి ముందే ఒక చిక్కు వచ్చి పడింది. చుట్టాలకు తెలియజేయాలి. ఫోన్లలో ఆ పని ఎంతసేపు? కానీ మా ఆడబిడ్డ లెక్క వేరు. "ఫోన్ల వచ్చేది కబురు, కార్డుల వచ్చేది పిలుపు" అనేది ఆమె. దినాలకు పిలవాలంటే కార్డు వేయాలి. ఆ కార్డు మీద చంద్రపూర్ పోస్టు ముద్ర పడాలి. ఇది ఆమె ఆఖరి కోరిక అని రాయబోయి ఆగాను. కోరిక అన్న మాటకు కాస్త మెత్తదనం ఉంటుంది. ఆమె చెప్పిన తీరులో అది లేదు. కాబట్టి ఆఖరి ఆజ్ఞ అందాం.

చిక్కేమిటంటే, చంద్రపూర్‌కి ఇప్పుడు ముద్ర లేదు. మా ఊరి డబ్బాల్లో పడిన ఉత్తరాలను సంచుల్లో కట్టి నాగపూర్ పంపుతున్నారు. అక్కడ అన్ని ఊళ్ల ఉత్తరాలూ ఒకే కుప్ప అవుతాయి, అన్నిటికీ ఒకే ముద్ర పడుతుంది. ఏ ఊళ్లో పుట్టినా బారసాల మాత్రం నాగపూర్‌లోనే అన్నమాట. గోండు రాజులు కోట కట్టిన ఊరు, నాలుగు దిక్కులా దర్వాజాలు ఉన్న ఊరు, తన ఉత్తరం మీద తన పేరు వేసుకునే యోగ్యత పోగొట్టుకుంది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, మమ్మల్ని ఎవరైనా అడిగారా అంటే, అడగలేదు. గోడకు ఒక కాగితం కూడా అంటించలేదు. మాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. అది చెబితేనే మా ఆడబిడ్డ సంగతి మీకు అర్థమవుతుంది.

ఆమె నా భర్తకు అక్క. గోల్‌బజార్‌లో వాళ్ల నాన్న పెట్టిన ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. పెళ్లై రెండు వీధుల అవతలికే వెళ్లింది. భర్త పోయాక వచ్చి తమ్ముడి పక్కన దుకాణంలో కూర్చుంది. వచ్చిన మర్నాటి నుంచి దుకాణం ఆమెదే అయింది, మా ఆయన అందులో పనిచేసే మనిషి అయ్యాడు. ఈ మాట ఆయన ముందు ఎన్నోసార్లు అన్నాను, ఆయన కాదనలేదు. బిందె కొనడానికి వచ్చినవాళ్లు వేలితో కొట్టి చూస్తారు కదా, ఆమె ఆ చప్పుడు వినేది కాదు, కొట్టిన వేలును చూసేది. "గట్ల మెల్లగ కొట్టెటోళ్లు కొనరు, ఊకె చూసి పోతరు" అని, వాళ్లు గడప దాటకముందే అనేది. సగం మంది ఆ మాట పడలేక కొనేవాళ్లు.

నేను ఆదిలాబాద్ అవతల పల్లె నుంచి వచ్చాను. ఇక్కడి మరాఠీ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అందుకని ఆమె నన్ను బతికినన్నాళ్లూ "పంతులమ్మా" అనే పిలిచింది. అందులో గౌరవం వెతకకండి. రొట్టె మాడితే "పంతులమ్మ రొట్టె, బ్లాక్‌బోర్డు లెక్క ఉన్నది" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీ ఇత్తడి లెక్క మెరవాల్నంటె రోజూ చింతపండుతోని తోమాలె వదినె, మా రొట్టెకు అంత కష్టం లేదు" అనేదాన్ని. మా ఆయన ఈ మాటల మధ్య పేపరు చదువుకునేవాడు. పేపరు లేని రోజు పాత పేపరు చదువుకునేవాడు.

ఆమెకొక అలవాటు ఉండేది. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా ముందు ముద్ర చూసేది. దుకాణం ముందు వెలుగులోకి పోయి, కార్డును పక్కకు వంచి, ఏ ఊరో చదివి, ఆ తర్వాతే రాసినవాళ్ల క్షేమం సంగతి. ఒకసారి మా బంధువుల పిల్లకు సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి తాము చంద్రపూర్ పెద్దలమనీ, కోట లోపల ఇల్లనీ రాశాడు. ఈమె కార్డు వంచి చూసి, "ముద్ర ఘుగ్గుస్‌ది" అంది. అంతటితో ఆగితే మా ఆడబిడ్డ ఎందుకవుతుంది? బస్సెక్కి ఘుగ్గుస్ పోయింది. సిమెంటు దుమ్ములో తెల్లబడ్డ ఆ గని కాలనీలో ఇల్లు కనుక్కుని, గడపలోనే నిలబడి అడిగిందట: "ఘుగ్గుస్‌ల ఉంటె ఏమైంది? మా దగ్గర దుమ్ము లేదా? దుమ్ముకు సిగ్గుపడ్తరా, అబద్ధానికి సిగ్గుపడ్తరా?" వాళ్లు కూర్చోబెట్టి చాయ ఇచ్చారు. పెళ్లి అయింది. ఆ పిల్ల ఇప్పటికీ ఘుగ్గుస్‌లో సుఖంగా ఉంది, ఉత్తరం రాస్తే తారీఖు కన్నా ముందు ఊరి పేరు రాస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఇంట్లో ఏ శుభకార్యానికి కార్డు వేసినా, అశుభానికి వేసినా, అందులో ఊరి పేరు అచ్చు వేయరు. "మన ఇంట్లో" అని మాత్రం ఉంటుంది. ఇదేం పద్ధతి అని కొత్త కోడలిగా నేను అడిగాను. మా మామగారి కాలంలో ప్రెస్సువాడు పంక్తి లెక్కన డబ్బు తీసుకునేవాడట. సర్కారు ముద్రలో ఊరి పేరు ఉచితంగా వేస్తుంటే ఒక పంక్తి దండగెందుకు అని ఆయన ఆ పంక్తి కొట్టేశాడు. పిసినారితనంతో మొదలైంది. ఆయన పోయాక అది ఆచారమైంది. మా ఆడబిడ్డ చేతికి వచ్చేసరికి సిద్ధాంతమైంది. "మన ఊరి పేరు మనమే చెప్పుకుంటె గొప్పలు. సర్కారు చెప్తె సాక్ష్యం" అనేది. మా మనవలకు తెలుగు నోట్లో ఉంది, కళ్లల్లో లేదు. మాట్లాడతారు, చదవలేరు. వాళ్లు కూడా ఆ ముద్రలో ఊరి పేరు హిందీలోనో ఇంగ్లీషులోనో చదివి, "చంద్రపూర్ కార్డు" అని గుర్తుపట్టేవాళ్లు. అట్లా ఆ పంక్తి లేని లోటు ఎవరికీ తెలియలేదు, మా ఆయన పోయేదాకా.

ఆయన పోయింది కిందటి ఏడాది. మాలో భర్త పోయిన ఆడదానికి దినాల రోజున పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. అది వాళ్ల చేత్తోనే పెట్టాలి. చీరకు ఏమంత విలువ లేదు. నీకు ఇంకొక ఇల్లు ఉంది అని నలుగురిలో చెప్పడమే దాని విలువ. నా పుట్టింట్లో మిగిలింది మా అన్న ఒక్కడే. నాకన్నా చాలా పెద్దవాడు. చెవులకు ఫోను సరిగ్గా వినిపించదు, కళ్లకు పొర. చావు కబురు మనవడి ఫోన్లో తెలిసింది. పిలుపు కోసం కార్డు చూసుకున్నాడు. కార్డులో "దినాలు మన ఇంట్లో" అని ఉంది. ముద్ర చదవమని మనవణ్ని అడిగాడు. వాడు "నాగపూర్, తాతా" అన్నాడు.

మా చిన్నకొడుకు నాగపూర్‌లోనే ఉంటాడు. ముసలాయన తన లెక్క తను వేసుకున్నాడు. చెల్లెలు చిన్నకొడుకు దగ్గరికి పోయి ఉంటుంది, దినాలు అక్కడే చేస్తున్నారు. తెల్లవారకముందే బయలుదేరి, రెండు బస్సులు మారి, నాగపూర్‌లో కొడుకు ఇల్లు వెతుక్కుని పోయాడు. తాళం వేసి ఉంది. కొడుకూ కోడలూ పిల్లలూ అందరూ ఇక్కడ చంద్రపూర్‌లో, నా పక్కన. ఆయన మేడమెట్ల మీద చీర సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. ఎదురింటివాళ్లు చూసి, అడిగి, మా కొడుక్కి ఫోన్ చేశారు.

ఇక్కడ పంతులు ముహూర్తం దాటుతోందన్నాడు. మా ఆడబిడ్డ అడ్డం కూర్చుంది. "అయ్యా, మీ మంత్రాలకు బస్సు టైము తెలుస్తదా? ఆగుండ్రి." ఆయన కాసేపు ఆగాడు. ఇంకో ఇంట్లో కర్మ ఉందన్నాడు. ఎవరో పెద్దమనిషి, వరసకు అన్న అయ్యేవాణ్ని పట్టుకొచ్చి చీర పెట్టిద్దామన్నాడు. ఆమె చూసిన చూపుకు ఆ పెద్దమనిషి వెనక్కి జరిగి కూర్చున్నాడు. చీర లేకుండానే ఆ తంతు ముగిసింది. నేను నలుగురిలో పుట్టిల్లు లేనిదాన్నై కూర్చున్నాను.

పొద్దుగూకేవేళ మా అన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఆ కార్డును మా ఆడబిడ్డ చేతిలో పెట్టి, "నాగపూర్ అని ఉన్నది అక్కడ. నా కండ్లు పోయినయి గని నా మనుమని కండ్లు పోలే" అన్నాడు. తప్పు చేసిన పిల్లవాడిలా అన్నాడు ఆ మాట. ఆమె కార్డు వంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆయన్ను కూర్చోబెట్టి, తనే అన్నం వడ్డించి, "తప్పు నీది గాదు బావా. ముద్రది" అంది. నాతో మాత్రం ఒక్కటే మాట: "పంతులమ్మా, పొద్దుగాల నాతోని పోస్టాఫీసుకు నడువు."

అట్లా మొదలైంది. పోస్టుమాస్టరు ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన కుర్రవాడు, మా చిన్నకొడుకు వయసు. మాటలన్నీ మరాఠీలోనే జరిగాయి, మీ కోసం మా తెలుగులో రాస్తున్నాను, అవ్వను పిలిచే "ఆజీ" ఒక్కటి అట్లాగే ఉంచి.

"ఆజీ, ముద్ర ఉన్నది. పాస్‌బుక్కుల మీద కొడుతున్నం, రసీదుల మీద కొడుతున్నం. డబ్బాల పడ్డ ఉత్తరాల మీద కొట్టొద్దని పైనుంచి ఆర్డరు."

"పైన ఎవరున్నరు బాబూ? పైకి పోయే ఈడు నాది. నాకే ఇంకా ఎవరు కనబడలే."

"ఉత్తరాలు తక్కువైనయి ఆజీ. అన్ని ఒక్క దగ్గర చేస్తె తొందరగ చేరుతయని..."

"తొందరగనా?" అంది. ఆ ఒక్క మాట అని లేచి వచ్చేసింది. ఆమె అంత తక్కువ మాటలతో లేచిందంటే ఎదుటివాళ్లు భయపడాలి. ఆ అబ్బాయికి అప్పటికి తెలియదు.

మర్నాడు దుకాణం పక్కనున్న డబ్బాలో ఒక కార్డు వేసింది. తన పేరుకే, తన దుకాణానికే. పోస్టాఫీసు దుకాణం నుంచి కనిపించేంత దూరం. ఆ కార్డు సంచిలో పడి, బండెక్కి, నాగపూర్ పోయి, ముద్ర వేయించుకుని, మళ్లీ బండెక్కి, ఆమె ఎదురుగుండా ఉన్న పోస్టాఫీసుకే వచ్చి, అక్కడినుంచి దుకాణానికి వచ్చింది. ఆ కార్డును గల్లా పైన ఇత్తడి గంటల పక్కన వేలాడదీసింది. వచ్చిన ప్రతివాడికీ చూపించేది. "గీ కార్డు నాకంటె ఎక్కువ తిరిగింది. నేను నాగపూర్ చూసి ఎన్నేండ్లైందో."

బజారుకు అది పట్టుకుంది. పక్కనున్న బట్టలాయన ఒక కార్డు వేసుకున్నాడు. మరాఠీ పుస్తకాల కొట్టాయన వేసుకున్నాడు. కూరగాయలమ్మే ఆవిడ రాయడం రాదని నాతో రాయించుకుంది. ఏం రాయాలని అడిగితే, "నాకు నేను ఏం రాసుకుంట? బాగున్ననా అని అడుగు" అంది. అట్లాగే రాశాను. కార్డు వచ్చినప్పుడు చదివించుకుని, "బాగనే ఉన్న" అని జవాబు కూడా చెప్పింది. పోస్టు పంచే మనిషి వచ్చి మా ఆడబిడ్డకు దండం పెట్టాడు. "అమ్మా, వీధి వీధంతా ఎవరికి వాళ్లు ఉత్తరాలు రాసుకుంటుండ్రు. నా కాళ్లు పోతున్నయి." ఆమె మజ్జిగ ఇచ్చి, "ఉత్తరాలు తక్కువైనయన్నరు గద బిడ్డా. ఎక్కువ చేస్తున్నం" అంది.

తర్వాత సంతకాలు. దుకాణంలో బిందె కొన్నవాళ్లందరిచేతా, కొననివాళ్లచేతా పెట్టించింది. థర్మల్ కరెంటు కాలనీ ఊర్జానగర్ నుంచి కుక్కర్ కొనడానికి వచ్చిన ఒక కుర్రవాడు నవ్వాడు. "ఆజీ, ఇప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తున్నరు? ముద్ర ఉంటె ఏంది, లేకుంటె ఏంది?" ఆమె కుక్కర్ మూత అతని చేతిలోంచి తీసుకుంది. "మీ నాయినకు ఉత్తరాలొస్తయా?" "రావు." "మరి ఆయన పేరు తీసేసినవా?" అతను సంతకం పెట్టాడు. కుక్కర్ కూడా కొన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం దుకాణం మూస్తూ ఆమె అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "చూడు పంతులమ్మా. లాల్‌పేట్ బొగ్గు తవ్వి పంపిస్తున్నం. ఊర్జానగర్ కరెంటు తీసి పంపిస్తున్నం. ఎండలకు మనం విసనకర్రలు పట్టుకుంటం, ఎక్కడనో ఏసీలు నడుస్తయి. సరె, అడగలే. మనకు మిగిలింది మసి, మన ఊరి పేరు. మసి ఉంచి పేరు తీస్కపోయిండ్రు." చదువుకున్నదాన్ని, దీనికి జవాబేదో ఉండాలి అనుకున్నాను. ఖర్చు తగ్గించడం, సౌకర్యం, కాలం మారడం, ఇట్లాంటివి. ఊరి పేరు తీసేయడం సౌకర్యం ఎవరికి? మా అన్నకా, మెట్ల మీద కూర్చున్నవాడికి?

సంతకాల కాగితానికి జవాబు వచ్చింది. మీ అభిప్రాయం గమనించాం, సేవలకు ఏ అంతరాయమూ ఉండదు అని. ఆ కవరు మీద ఏ ముద్రా లేదు, గీతల స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. ఆమె అలవాటు కొద్దీ వెలుగులోకి పోయి వంచి చూసింది. "గీళ్లు ఎక్కడున్నరో గీళ్లకే తెల్వదు" అని నా చేతికిచ్చింది.

ఈ వేసవిలో మంచం పట్టింది. ఎండ తగ్గితే లేస్తానంది. ఒక మధ్యాహ్నం కూలర్ పక్కన కూర్చుని ఉంటే, కళ్లు మూసుకునే అంది:

"నా కార్డుల ఊరి పేరు అచ్చేయించకు."

"వదినె, ఒక్క పంక్తి వేయిస్తె అయిపోతది. మళ్ల మా అన్నలెక్క ఎవరన్న నాగపూర్ పోతె?"

"మా నాయిన చేయంది నా చావుకు చేస్తవా? ముద్ర కొట్టించు. చంద్రపూర్‌ల పుట్టిన, చంద్రపూర్‌ల ఇచ్చిండ్రు, చంద్రపూర్‌ల పోతున్న. నాగపూర్ మనిషిని అయ్యి పోవాల్నా?"

"వాళ్లు కొట్టరు."

"అందుకే నీకు చెప్తున్న. నా కొడుకు మెత్తగుంటడు. నువ్వు పంతులమ్మవు, నీ నోరు ఎందుకున్నది?"

ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. అది కూడా నా నోటిని.

ఆమె పోయిన మూడోనాడు, కార్డుల కట్ట సంచిలో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్లాను. ఆమె కొడుకు దారిలో కూడా అంటూనే ఉన్నాడు, వాట్సాప్‌లో పెడదాం అత్తమ్మా అని. "పెట్టు, కబురు పెట్టు. పిలుపు నేను పెడ్త" అన్నాను. కార్డులో ఊరి పేరు లేదు. ఆమె మాట దాటలేదు. ప్రెస్సువాడు రెండుసార్లు గుర్తుచేశాడు, ఊరి పేరు మరిచారని. మరవలేదన్నాను. కానీ ఆ కట్టలో రాజురా, కోర్పనా పల్లెల్లోని ముసలివాళ్లున్నారు, మా అన్న ఉన్నాడు. ముద్ర పడకపోతే మళ్లీ ఎవరు ఎక్కడి మెట్ల మీద కూర్చుంటారో.

కౌంటర్ దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. పక్కనే ముద్ర ఉంది, చెక్కపిడి ముద్ర, సిరా మెత్త మీద. నా ముందు మనిషి పాస్‌బుక్కు మీద ఠప్పుమని కొట్టింది. నా కార్డులు చూసి, "డబ్బాల వేయండి ఆజీ" అంది. "దాంతోని ఒక్కొక్కటి కొట్టు తల్లీ, డబ్బాల నేనే వేస్త" అన్నాను. పోస్టుమాస్టరు లోపలినుంచి వచ్చాడు. నన్ను చూసి, నా వెనక ఇంకెవరో ఉండాలన్నట్టు చూశాడు.

"పెద్ద ఆజీ రాలేదా?"

కార్డు ఆయన చేతిలో పెట్టాను. తెలుగు రాదు ఆయనకు. కానీ చావు కార్డు ఏ భాషలో ఉన్నా చావు కార్డే. ఆయన కార్డును రెండు చేతులతో తిరిగి నాకిచ్చాడు. తర్వాత నెమ్మదిగా, "ఆజీ, నేను కొట్టలేను. నా ఉద్యోగం" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, అప్పుడూ లేదు. ముద్ర చేతికందేంత దూరంలో ఉండి, సిరా తడిగా ఉండి, కొట్టే మనిషి ఉండి, కొట్టకూడదని ఎక్కడో కూర్చుని రాసినవాళ్ల మీద మాత్రం ఉంది. ఆ కోపం నా ఒంట్లో ఎక్కడికీ పోలేక చేతిలోకి వచ్చింది.

అక్కడి బల్ల మీద కూర్చుని సంచిలోంచి బాల్‌పెన్ తీశాను. మొదటి కార్డు తిప్పి, ముద్ర పడాల్సిన మూలలో ఒక గుండ్రం గీసి, లోపల తెలుగులో చంద్రపూర్ అని రాశాను. తర్వాత రెండోది. లాల్‌పేట్ గనిలో పనిచేసి రిటైరైన ఒకాయన పింఛను కోసం పక్కనే కూర్చుని ఉన్నాడు. కాసేపు చూసి, "ఇటియ్యుండ్రి అమ్మా, సగం నేను రాస్త" అన్నాడు. "తెలుగు రాయనీకి రాదు, మరాఠీల రాస్త." రాయమన్నాను. పెన్ను కౌంటర్ అమ్మాయే ఇచ్చింది.

పోస్టుమాస్టరు పాపం కంగారుపడ్డాడు. "ఆజీ, ముద్ర లెక్క గీయొద్దు. అది నేరం. కేసైతది."

"పెట్టు బాబూ. కేసు కాయితంల, నేరం ఎక్కడ జరిగింది అని ఒక గడి ఉంటది గద? అందుల ఏ ఊరు రాస్తవు?"

వరసలో ఎవరో నవ్వారు. ఆయన లోపలికి వెళ్లిపోయాడు, తలుపు వేసుకున్నాడు. చూడనట్టు ఉండడానికే వేసుకున్నాడని నేను అనుకుంటున్నాను. కట్ట అయ్యేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. కార్డులన్నీ డబ్బాలో వేసి ఇంటికి వచ్చాను. ఏడుపు అప్పుడు వచ్చింది.

దినాలకు ముందురోజే, వానలో, మా అన్న వచ్చాడు. చెప్పులు విప్పకముందే కార్డు తీసి చూపించాడు. నాగపూర్ ముద్ర సరిగ్గా నేను గీసిన గుండ్రం మీదే పడింది, గురి చూసి కొట్టినట్టు. నల్లసిరా కింద నా అక్షరం ఒక్కటి కూడా మిగల్లేదు. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"మరి నాగపూర్ పోలేదేమన్నా?"

"మనుమడు నాగపూర్ అనే చదివిండు. నేను నమ్మలే." కార్డు తిప్పాడు. పెళ్లి కార్డయితే పసుపు పెట్టే మూల అది, చావు కార్డులో ఖాళీగా వదిలేస్తాం. ఆ ఖాళీలో, అవతలివైపు నేను నొక్కిన నొక్కుడుకు, గుండ్రం ఇటువైపు ఉబ్బి లేచి ఉంది. నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. "కండ్లకు కనబడలే, వేలికి తగిలింది. మిషను గింత కోపంగ కొట్టది. గిట్ల నొక్కేది మా చెల్లె. నువ్వు ఉండేది చంద్రపూర్‌ల గద."

మా ఆడబిడ్డ ఫోటో ముందు పీట వేస్తే కూర్చున్నాడు. బయట వాన పడుతూనే ఉంది. కార్డు మీద ఆమె పేరు ఎక్కడుందో ఆయనకు కనిపించదు. దాని పైన, ఆ ఖాళీ మూలలో, ఉబ్బిన గుండ్రం మీద ఆయన బొటనవేలు నెమ్మదిగా తిరుగుతూ ఉంది.